డోలీ, బైక్ అంబులెన్సు, వసతి గృహం: కొండ మీది గర్భిణికి ఏది మేలు?

పాడేరు, పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీల్లో వానలు పడ్డాయంటే గర్భిణిని డోలీలో మోసుకొస్తున్న ఫొటో ఒకటి పేపర్లో పడుతుంది. వెంటనే 'అంబులెన్సు ఎందుకు రాలేదు' అని అడుగుతారు. అడగాల్సిందే. కానీ బండి వచ్చినా రోడ్డు ఆగిన చోటే ఆగుతుంది. అక్కడి నుంచి గూడెం దాకా ఉన్న దారిని నొప్పులు మొదలయ్యాక దాటించాలా, ముందే దాటించాలా అన్నది తేలితే గాని ఏ సాధనం మేలో తేలదు.

ముందు గంటల లెక్క చూద్దాం. రోడ్డు చివరికి 8 కిలోమీటర్ల దూరంలో సిగ్నల్ లేని గూడెం ఉందనుకోండి. సిగ్నల్ తగిలే గట్టు దాకా ఒక మనిషి పరుగెత్తి 108కి ఫోన్ చేసేసరికి గంట. పోడు పనుల రోజులైతే మోసేవాళ్లను పోగుచేయడానికి ఇంకో అరగంట. డోలీ దిగడానికి మూడు, నాలుగు గంటలు. రోడ్డెక్కాక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం). అక్కడ కాదంటే ఆపరేషన్, రక్తం దొరికే ఆస్పత్రి. కాన్పు తర్వాత అదుపు తప్పిన రక్తస్రావానికి వైద్యం అందకపోతే సుమారు రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవవు. గిరిజన ప్రాంతంలో 3 వేల మందికి ఒక సబ్ సెంటర్, 20 వేల మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది నిబంధన. మైదానంలో అవే 5 వేలు, 30 వేలు. తగ్గించారు, మంచిదే. అయితే లెక్క తలలదే గాని నడకది కాదు.

డోలీ

గట్టి వెదురు బొంగుకు దుప్పటి ముడివేసి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుంటారు. మార్చుకోవడానికి కనీసం నలుగురు కావాలి, ఎక్కుడు దిగుడులున్న దారికి ఆరుగురు. డబ్బు అక్కర్లేదు, గెడ్డ (కొండవాగు) దాటుతుంది, రాళ్ల మీదా నడుస్తుంది. అందుకే ఎన్ని బళ్లొచ్చినా పోలేదు.

ఇబ్బంది లోపల పడుకున్న మనిషికి. దుప్పటిలో ఒళ్లు విల్లులా వంగిపోతుంది. వెల్లకిలా ఉంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి బీపీ పడిపోతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. నడుము కింద చీర మడతపెట్టి ఎడమ పక్కకు ఒరిగేలా చూడాలి. అంతకన్నా పెద్ద చిక్కు, రక్తం పోతున్నా దుప్పటి పీల్చేసుకుంటుంది, మోసేవాళ్లకు కనబడదు. పక్కన ఒక ఆడమనిషి తప్పక నడవాలి. ప్రతి అరగంటకూ దించి గుడ్డ చూడాలి. దారిలోనే పురుడయ్యే వీలుంది కాబట్టి సబ్బు, శుభ్రమైన ప్లాస్టిక్ షీటు, కొత్త బ్లేడు, బొడ్డుకు కట్టే శుభ్రమైన దారం, బిడ్డను చుట్టే పొడి గుడ్డలు, టార్చి ఒక సంచిలో కట్టి ఎనిమిదో నెల నుంచే ఇంట్లో ఉంచుకోవాలి.

రక్తస్రావం రాకుండా వాడే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు లేని గూడెంలో అది కుదరదు. మిసోప్రోస్టాల్ మాత్రలకు ఫ్రిజ్ అక్కర్లేదు. 200 మైక్రోగ్రాములవి మూడు, బిడ్డ పుట్టాక, కడుపులో రెండో బిడ్డ లేదని తేల్చుకున్నాకే వేయాలి. ముందే వేస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. ఏఎన్‌ఎం (సబ్ సెంటర్ నర్సు) ఇచ్చి, ఎప్పుడు వేయాలో నేర్పితేనే తీసుకోవాలి, సొంతంగా కొనేది కాదు.

బైక్ అంబులెన్సు

మన ఏజెన్సీల్లోకి 2018లో ఫీడర్ అంబులెన్సుల పేరుతో వచ్చాయి. బైకుకు పక్కన తొట్టి తగిలించి ఉంటుంది. 108 రాలేని చోటు నుంచి అది ఆగిన చోటికి చేర్చడమే దాని పని. మట్టి రోడ్డో, కంకర పరిచిన రోడ్డో ఉంటే డోలీకి మూడు గంటలు పట్టే దూరం అరగంట, ముప్పావు గంటలో అయిపోతుంది. జ్వరం, పాముకాటు, పిల్లల వాంతులు విరేచనాలకు దీన్ని మించింది లేదు.

మామూలు బైకు పోయే ప్రతి దారీ దీనికి సరిపోదు, అక్కడే చాలామంది పొరబడతారు. పక్కన తొట్టి ఉంది కాబట్టి వెడల్పు కావాలి. ఒంటి మనిషి కాలిబాటలో ఒక చక్రం గట్టు అంచుకు పోతుంది. ఏటవాలు మలుపులో తొట్టి వైపు లేస్తుంది. గెడ్డ పొంగితే అవతలే ఆగుతుంది. ఇక నొప్పులు దగ్గరపడిన మనిషికి ఆ కుదుపులు నరకం, పక్కన కూర్చుని చూసేందుకు రెండో మనిషికి చోటుండదు. నొప్పులు మొదట్లో ఉంటే ఎక్కించవచ్చు. బిడ్డ బయటికి రావడానికి ముక్కే దశ వస్తే మాత్రం కదిలించకుండా అక్కడే శుభ్రంగా పురుడు పోసి, తర్వాత తల్లీబిడ్డలను తరలించడం నయం.

వసతి గృహం

నెలలు నిండకముందే కొండ దిగి, ఆస్పత్రి పక్కన ఉండి, నొప్పులు రాగానే లోపలికి వెళ్లడం. సాలూరులో గిరి శిఖర గ్రామాల గర్భిణుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నడిపింది ఈ పద్ధతే. 5 కిలోమీటర్లకు మించి నడక ఉన్న గూడేలన్నిటికీ ఇదే మేలని మా గట్టి అభిప్రాయం. గంటల లెక్కను మార్చేది ఇదొక్కటే, మిగతావి దాన్ని కాస్త తగ్గిస్తాయంతే.

ఇదీ విఫలమవుతుంది, సాధారణంగా తేదీ దగ్గరే. ఆఖరి నెలసరి మొదటి రోజుకు 7 రోజులు కలిపి 9 నెలలు ముందుకు లెక్కిస్తే కాన్పు తేదీ వస్తుంది. కార్డు రాసేటప్పుడు 'ఏ తారీకు?' అని అడిగితే చాలామంది చెప్పలేరు. 'ఇటుకల పండక్కి ముందా, వెనకా? అప్పుడు వెన్నెలా, చీకటా?' అని అడిగితే వారం అటూఇటుగా తేలుతుంది. స్కానింగ్ మొదటి మూడు నెలల్లో తీస్తే తేదీలో తేడా వారం లోపే. ఎనిమిదో నెలలో తీస్తే మూడు వారాల దాకా తప్పవచ్చు. ఆలస్యంగా తీసిన స్కాన్ నమ్మి పిలిస్తే ఆమె నెలన్నర కూర్చుంటుంది, విసిగి వెళ్లిపోతుంది, సరిగ్గా ఇంటికి చేరిన వారానికే నొప్పులొస్తాయి. తప్పు ఆమెది కాదు, తేదీది.

తేదీ సరిగ్గా ఉంటే 38 వారాలకు దింపితే చాలు. ముందు సిజేరియన్ అయినవాళ్లు, కవలలు, బీపీ ఉన్నవాళ్లు, 145 సెంటీమీటర్ల లోపు ఎత్తువాళ్లు 36 వారాలకే రావాలి. హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపుంటే వారాల లెక్క వదిలేసి అప్పుడే ఆస్పత్రికి పంపాలి. వీళ్లందరికీ వసతి, ఆపరేషన్ థియేటరూ రక్తమూ ఉన్న ఆస్పత్రి పక్కనే ఉండాలి. మామూలు పీహెచ్‌సీ పక్కన గది ఇస్తే ఆటో దూరం కలిసొచ్చిందంతే.

రెండో కారణం ఇల్లు. పెద్ద పిల్లలను ఎవరు చూస్తారు? కాఫీ పండ్లు కోసే నవంబరు, డిసెంబరుల్లోనో, పసుపు ఉడకబెట్టే రోజుల్లోనో మూడు వారాల కూలి ఎవరిస్తారు? ఒక తోడు మనిషికీ, ఐదేళ్లలోపు పిల్లలకూ చోటూ తిండీ లేని వసతి గృహం ఖాళీగానే ఉంటుంది. అంబలి కాచుకోవడానికి పొయ్యి, కువి గానీ సవర గానీ మాట్లాడే ఒక ఆయా, కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వడం: ఈ మూడూ ఉన్నచోట మంచాలు నిండుతాయి. కెనడా ఉత్తరాన నునావిక్‌లో ఇన్యూట్ స్త్రీలను వారాల ముందే విమానమెక్కించి దక్షిణాది ఆస్పత్రులకు పంపేవారు. ఆ ఒంటరితనం భరించలేకే 1986లో పువిర్నిటుక్‌లో కాన్పుల కేంద్రం పెట్టించుకుని, తమ ఆడవాళ్లకే మంత్రసాని శిక్షణ ఇప్పించుకున్నారు. తెచ్చి ఉంచడం ఒక్కటే చాలదని అక్కడే తేలింది.

మరి రోడ్డే వేస్తే?

వేయాల్సిందే, కానీ ఈ ఏడాది కడుపుతో ఉన్నవాళ్లకు అది అందదు. 2023 నవంబరులో ఆదిమ తెగల కోసం మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో రోడ్డుకు అర్హత 100 మందికి పైన ఉన్న ఆదిమ తెగల ఆవాసాలకే. అడవి అడ్డొస్తే అటవీ హక్కుల చట్టం 2006లోని సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసుతో ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి తీసుకోవచ్చు, హెక్టారుకు 75 చెట్లు మించకూడదు. 5 మీటర్ల వెడల్పుతో వేస్తే హెక్టారు 2 కిలోమీటర్లకే అయిపోతుంది. అంతకన్నా పొడవైతే పెద్ద అనుమతుల దారి పట్టాలి.

కాబట్టి నడక 5 కిలోమీటర్లు దాటినా, మధ్యలో పొంగే గెడ్డ ఉన్నా, పైన చెప్పిన ప్రమాద లక్షణాల్లో ఒక్కటున్నా వసతి గృహమే. మట్టి రోడ్డూ సిగ్నలూ ఉండి, అంతా మామూలుగా ఉన్న గర్భిణికి బైక్ అంబులెన్సు సరిపోతుంది. డోలీ బొంగూ సంచీ మాత్రం రెండు చోట్లా సిద్ధంగా ఉండాలి, నెలలు నిండకుండానే వచ్చే నొప్పులకు ముందస్తు ఏర్పాటు పనిచేయదు.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు ఉచిత భోజనం, ఆ తర్వాత బండిలో ఇంటికి దింపడం హక్కు. ఆ బండీ రోడ్డు చివరే ఆగుతుంది. కుట్లతో ఉన్న బాలింత బిడ్డనెత్తుకుని 8 కిలోమీటర్లు కొండెక్కాలి. డిశ్చార్జి రాసేముందే ఏఎన్‌ఎంకు చెప్పి, కుట్లు ఆరేదాకా వసతి గృహంలోనే మంచం ఉంచమని అడగండి. బిడ్డ బరువు 2 కిలోలకు అటూఇటుగా ఉంటే ఇంకా ఆగి, పాలు బాగా పట్టి బరువు పెరుగుతోందని చూసుకున్నాకే కొండెక్కించండి.