మా పిల్లల స్కూల్ ఆటో: రెండేళ్ల తర్వాత ఐదుకి నాలుగు

మాకు కారు లేదు. ఆయనకి బైకుంది, పొద్దున ఏడింటికే అది చర్లపల్లి వెళ్లిపోతుంది. నేను కోఠిలో పని చేస్తాను, ఎనిమిదిన్నరకల్లా బస్సు పట్టుకోవాలి. అమ్మాయి ఐదో తరగతి, బాబు రెండు. ఇల్లు రామంతాపూర్‌లో, బడి హబ్సిగూడలో. దూరం మూడు కిలోమీటర్లే గానీ మధ్యలో ఉన్నవి పిల్లలు నడిచి దాటే రోడ్లు కావు. బడి బస్సు మా గల్లీలోకి రాదు. అందుకని రెండేళ్లుగా స్కూల్ ఆటోనే.

బండి మామూలు ప్యాసింజర్ ఆటో. డ్రైవర్ సీటు వెనక ఒక చెక్క బిగించాడు, చిన్నపిల్లలు దాని మీద వెనక్కి తిరిగి కూర్చుంటారు. కుడివైపు ఇనప జాలీ. బ్యాగులన్నీ బయట కొక్కేలకి, వాటి మధ్య నీళ్ల సీసాలు ఊగుతూ ఉంటాయి. మొదటి వారమే మావాడి లంచ్ డబ్బా మూత ఊడి, ఎదురుగా కూర్చున్న పిల్ల తెల్ల సాక్సుల నిండా సాంబారు. మర్నాడు ఆ సాక్సులు కొనిచ్చి, మాకు క్లిప్పుల డబ్బా కొన్నాను. స్కూల్ ఆటో మాట్లాడుకునేవాళ్లు ముందు డబ్బా మార్చండి.

చేరినప్పుడు నెలకి ఒక్కొక్కరికి 1,400. పిల్లలు తొమ్మిది మంది. ఇద్దరు డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, సీటు అంచున కూర్చునేవాళ్లు. ఒకరోజు నేను బస్సులోంచి చూస్తుంటే మా ఆటో పక్కనుంచి వెళ్లింది. ముందు కూర్చున్న పిల్లాడి మోకాలు బయటికే ఉంది. ఆ పూట ఆఫీసులో పని సాగితే ఒట్టు.

సాయంత్రం అడిగాను. "ముందల ఎవ్వర్నీ కూసోబెట్టనక్కా" అన్నాడు. నెల రోజులు మాట మీద నిలబడ్డాడు, తర్వాత మళ్లీ మామూలే. ఈసారి కోప్పడకుండా లెక్క అడిగాను. తొమ్మిది మందికి 1,400 చొప్పున 12,600. అందులోనే గ్యాసు, బండి కిస్తీ, రిపేర్లు. ఇద్దర్ని తగ్గించుకో అంటే నెలకి 2,800 వదులుకోమన్నట్టే, ఎందుకు వదులుకుంటాడు? ఏడుగురే ఎక్కి, తలా 1,800 ఇస్తే అదే 12,600. పాల లెక్క రాసే పుస్తకంలో ఇది వేసి మిగతా అమ్మలకి చూపించాను. ఐదు ఇళ్లవాళ్లు సరేనన్నారు.

ఒప్పుకోని ఇద్దరిలో ఒక పిల్ల వాళ్ల అత్తగారింటి వైపు బడికి మారిపోయింది. ఇంకొక పిల్లాడిని వాళ్ల నాన్న సైకిల్ మీద దింపుతున్నాడు. నాలుగు వందలు అందరికీ ఒకటి కాదు. బడి గేటు దగ్గర ఆయన ఎదురైతే ఏం పలకరించాలో నాకు ఇప్పటికీ తోచదు.

అప్పట్నుంచి డ్రైవర్ పక్కన ఎవరూ లేరు. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో పడకుండా లోపలి గల్లీల్లోంచి తీసుకెళ్తాడు, ఇరవై నిమిషాల్లో బడి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే తనే ఫోన్ చేస్తాడు. ఒక నక్షత్రం కోసింది రెండు కారణాలకి. వానాకాలం పరదాలు దించినా చివర కూర్చున్నవాళ్లు తడుస్తారు, బ్యాగులైతే సరేసరి. జూలైలో మా ఇంట్లో పుస్తకాలన్నీ ఫ్యాను కింద ఆరుతుంటాయి. రెండోది, మే నెల సెలవులకీ సగం ఫీజు అడుగుతాడు. "బండి ఫిట్‌నెస్ అప్పుడే చేపిస్తనక్కా" అంటాడు. ఇస్తాను, గొణుక్కుంటూ ఇస్తాను.

ఆ నాలుగు నక్షత్రాలు మాత్రం ఒంటిపూట బడుల్లో సంపాదించుకున్నాడు. మార్చి సగం నుంచి బడి మధ్యాహ్నం పన్నెండున్నరకే అయిపోతుంది, నేను ఇల్లు చేరేది ఆరింటికి. పిల్లలు పక్కింటి పెద్దమ్మ దగ్గర ఉంటారు. ఒకరోజు ఆమె గుడికి వెళ్లి ఆలస్యమైంది. గేటుకి తాళం. మిగతా పిల్లల్ని దింపేసి, మా ఇద్దర్నీ ఆటోలోనే కూర్చోబెట్టి, వేపచెట్టు నీడలో ముప్పావుగంట ఆగాడు. నాకు ఫోన్ చేసి చెప్పింది ఒకటే: "గాబరా పడకు అక్కా, చెరుకురసం తాగుతున్నరు." ఆ రసం డబ్బులు ఎంత ఇచ్చినా తీసుకోలేదు.

ఆదివారాలు మాకు సిటీ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి ఉచితం కదా, నాకూ అమ్మాయికీ జీరో టికెట్. ఆయనకి ఫుల్లు, బాబుకి హాఫ్. మొదట్లో "అక్కకి ఫ్రీ, నాకెందుకు డబ్బులు" అని ఒకటే గొడవ. ఇప్పుడు తిరగేశాడు: మావి సున్నా టికెట్లట, వాడిదే అసలు టికెట్టట. జేబులో దాచి సోమవారం ఆటోలో అందరికీ చూపిస్తాడు. ఎప్పుడైనా మెట్రో ఎక్కితే, ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్ మీద గుండ్రంగా రెండు చుట్లు పరిగెత్తాకే స్టేషన్‌లోకి వస్తారు.

మా మరిది వచ్చినప్పుడల్లా "పిల్లలున్న ఇంట్లో కారు లేకపోతే ఎట్లా వదినా" అంటాడు. కారు కొంటే పొద్దున ఎనిమిదింటికి దాన్ని నడిపేది ఎవరో అడిగితే మాత్రం టీవీ వైపు చూస్తాడు.

అమ్మాయి పొడుగయింది, మోకాళ్లు ఎదుటి చెక్కకి తగులుతున్నాయి. జూన్‌లో ఆరో తరగతికి వేరే బడి, బస్సులో వెళ్తానంటోంది. ఒక సీటు ఖాళీ అవుతుంది. డ్రైవర్‌తో మాట్లాడి, ముందుగా ఆ సైకిల్ నాన్నని అడగమన్నాను, పాత 1,400కే. ఆ నాలుగు వందలూ మిగతా ఆరుగురం ఎలా సర్దుకోవాలో పాల పుస్తకంలో లెక్క వేస్తున్నాను.