ఊరి పేరు లేని చిరునామాకు తొక్కు పంపించే దుకాణం

హన్మకొండ నక్కలగుట్టలో ప్రధాన రహదారి నుంచి లోపలికి తిరిగే సందులో ఉన్న ఈ పిండివంటల దుకాణానికి పేరున్న బోర్డు లేదు. సకినాలు, గారెలు, మురుకులు, తొక్కులు అని గోడ మీద రంగుతో రాసిన అక్షరాలే దానికి గుర్తు. ఇటువంటి దుకాణాలు నగరంలో వీధికొకటి ఉన్నాయి కనుక, రుచి గురించి మాత్రమే చెప్పదలిస్తే ఈ సమీక్ష రాయవలసిన అవసరం ఉండేది కాదు. సైన్యంలో ఉన్న మనిషికి ఇంటి తిండి పంపించాలనుకునే కుటుంబాలకు ఈ దుకాణం ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పడమే నా ఉద్దేశం.

మా వారు సైన్యంలో ఉన్నారు. పిల్లల వేసవి సెలవులకు ఇంటికి రావలసిన మనిషి, 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి జరిగిన తర్వాత సెలవు మాటే ఎత్తలేదు. మే 7న అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఆ వార్త తెలిసినప్పటి నుంచి మా అత్తమ్మ టీవీ ముందు నుంచి కదలలేదు. చర్చల మధ్య చానళ్లు సైరన్ మోత వేసినప్పుడల్లా చిన్నవాడు వచ్చి నా కొంగు పట్టుకునేవాడు (ఆ మోతను కార్యక్రమాల్లో వాడవద్దని కేంద్ర హోం శాఖ 10వ తేదీన సూచించింది, అప్పటికే మా ఇంట్లో టీవీ గొంతు నొక్కేశాను). గ్యాస్ బండ మార్చడం, కరెంటు బిల్లు కట్టడం, బడి పుస్తకాలకు డబ్బు సర్దడం ఆయన లేనప్పుడు నాకు అలవాటైన పనులే. పొయ్యి ముందు నిలబడి వంట చేయడానికే ఆ నాలుగు రోజులు మనసు రాలేదు. సాయంత్రాలు ఈ దుకాణంలో వేడివేడిగా కాల్చి ఇచ్చే సర్వపిండి, డబ్బాలో ఉన్న పెరుగు, వీటితోనే పూట గడిచింది. పిండిలో పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లికాడ దండిగా వేస్తారు. అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. చల్లారితే మాత్రం తినలేము.

10వ తేదీ సాయంత్రం కాల్పులు ఆగాయి, కానీ మా వారు వచ్చే తేదీ తేలలేదు. మనిషి రాలేనప్పుడు కనీసం తొక్కయినా వెళ్లాలని అత్తమ్మ పట్టుబట్టడంతో పార్సెల్ సంగతి అడగడానికి దుకాణానికి వెళ్లాను. అల్లం ఎల్లిపాయ మామిడికాయ తొక్కు ఆ రోజే కలిపినది బేసిన్ నిండా ఉన్నా యజమానురాలు దానిని నాకు అమ్మలేదు. ముక్క ఊరి నూనె పైకి తేలిన తర్వాతే కట్టాలని, లేకపోతే దారిలో కవరు ఉబ్బి పగులుతుందని చెప్పి, మూడు రోజులు ఆగి రమ్మన్నారు. చేతిలోకి వచ్చిన బేరాన్ని వాయిదా వేసే వ్యాపారిని నేను చూడడం అరుదు. రంగు కోసం వరంగల్ చపాటా మిరపను వాడతారు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిరప టమాటా మాదిరిగా గుండ్రంగా, ముదురు ఎరుపులో ఉంటుంది, కారం తక్కువ. అందువల్ల తొక్కు చూడడానికి భయపెట్టినా నాలుకను మండించదు.

కట్టే పద్ధతిని వివరంగా చెప్పాలి. తొక్కును మందమైన కవరులో పోసి, గాలిని అరచేత్తో నెట్టేసి మిషన్‌తో అతికిస్తారు. దానిని మరో కవరులో తలకిందులుగా పెట్టి మళ్లీ అతికిస్తారు. అప్పుడు గట్టి మూత డబ్బాలో దించుతారు. సకినాలను ఒకదానిపై ఒకటి పేర్చి, చుట్టూ మిగిలిన సందుల్లో కాగితానికి బదులు మరమరాలు కూరుతారు. సకినం విరగకుండా ఉంటుంది, కూరిన సరుకు కూడా తినడానికి పనికివస్తుంది. చివరకు తెల్లగుడ్డ చుట్టి సూదీ దారంతో కుట్టేస్తారు.

చిరునామా దగ్గర చాలామంది తడబడతారు. అంతకు ముందు మరోచోట, ఆ చోటి పేరు అనవసరం, పార్సెల్ తీసుకునే అబ్బాయి “ఏ ఊరు మేడం?” అని అడిగి, ఊరు లేకుంటే కంప్యూటర్ తీసుకోదని వెనక్కి పంపించాడు. సైనికుల చిరునామాలో ఊరు ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్ట్ ఆఫీస్), 9తో మొదలయ్యే పిన్ కోడ్ ఉంటాయి. 56 ఏపీఓకు తపాలా కేంద్రం ఢిల్లీలో, 99 ఏపీఓకు కోల్‌కతాలో ఉంది. అక్కడి నుంచి సైనిక తపాలా విభాగమే యూనిట్లకు చేరవేస్తుంది. కాబట్టి తపాలా కార్యాలయం నుంచి పంపడమే సరైన దారి. ఈ దుకాణంలో ఆ మాట నేను చెప్పనక్కరలేకపోయింది. “ఊరి పేరు రాయకు బిడ్డా, పిన్ నంబర్ సక్కగ రాయి” అని యజమానురాలే స్కెచ్ పెన్ను చేతికిచ్చారు. ఆమె తమ్ముడు కూడా మిలట్రీలోనే ఉన్నారట.

సరుకులన్నీ ఒకే స్థాయిలో లేవు. సకినాలు మేలైనవి: బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు తప్ప మరొకటి తగలదు, వేలికి నూనె అంటదు, పాత నూనె వాసన లేదు. గారెలు గట్టిగా ఉన్నాయి. మా అత్తమ్మ పంటికి అవి లొంగలేదు. అరిసెల్లో బెల్లం మోతాదు మించింది. ధరలు బజారు కంటే కొంత ఎక్కువ, గుడ్డ కుట్టినందుకు విడిగా తీసుకుంటారు, ఫోన్ చేస్తే ఎత్తరు. పండుగ రోజుల్లో నిలబడడానికి కూడా చోటు ఉండదు.

పార్సెల్ చేరిందని మా వారు ఫోన్‌లో చెప్పారు. డబ్బా మూత దగ్గర నూనె చుక్క కూడా లేదట, పక్క మంచం వాళ్లు సకినాల కంటే ముందు మరమరాలే ఖాళీ చేశారట. మళ్లీ పంపేటప్పుడు గారెలు మానేసి, తొక్కు ఇంకో కిలో, కరివేపాకు కారప్పొడి చేర్చదలిచాను. మీరు వెళ్లేటట్లయితే తొక్కు సంగతి ముందుగా చెప్పి, అది ఊరిన తర్వాత పొద్దున్నే వెళ్లండి. కుట్టడం పూర్తయ్యేసరికి గంట పడుతుంది, అదే రోజు బుక్ చేయాలంటే తపాలా కౌంటర్ మూయకముందే చేరుకోవాలి.