చూపులేని పిల్లలకి పుస్తకాలు మార్చి ఇస్తామంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి (తిరుపతి)

చూపులేని పిల్లల్ని తిరుపతిలో డిగ్రీ, పీజీ చదివిస్తున్నవాళ్లు, ముఖ్యంగా పలమనేరు, పుంగనూరు వైపు నుంచి పంపి ఇక్కడ హాస్టల్లో పెట్టినవాళ్లు దయచేసి చదవండి. పాఠ్యపుస్తకాలని కంప్యూటర్ చదివి వినిపించేలా ఫైళ్లు చేసిస్తామని, పరీక్షకి స్క్రైబ్‌ని (చెప్తే రాసిపెట్టేవాళ్లని) కూడా చూస్తామని ఇక్కడి ఒక సెంటర్ వాళ్లు మా దగ్గర 8,500 రూపాయలు ముందే కట్టించుకున్నారు. మా తమ్ముడిది బీఏ. తెలుగు, చరిత్ర పుస్తకాలు ఇచ్చాం.

ఫైళ్లు టైముకే వచ్చాయి. తెలుగు పుస్తకం తెరిస్తే అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. నాన్న చూసి సంతోషపడ్డారు. తమ్ముడు ఎన్‌వీడీఏ (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్) పెట్టుకుని వింటే ఒక్క తెలుగు మాట లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు వరసపెట్టి చదువుతోంది. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్‌లో కొట్టించి ఇచ్చేశారు. అది మన కంటికి తెలుగులా కనిపిస్తుంది గానీ, లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. యూనికోడ్‌లో, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలో ఉంటేనే స్క్రీన్ రీడర్ తెలుగు చదువుతుంది. చరిత్ర పుస్తకమైతే మరీ అన్యాయం, పేజీలు స్కాన్ చేసి పీడీఎఫ్‌లో పెట్టారు, అన్నీ ఫొటోలే, చదవడానికి వాటిలో అక్షరాలే ఉండవు.

అడిగితే "మాకు బాగానే కనిపిస్తోంది కదమ్మా" అన్నారు. చూడలేని పిల్లాడి కోసం చేసిన పనికి ఆ జవాబు విని చాలా బాధేసింది. మళ్లీ చేయాలంటే కాపీరైట్ పర్మిషన్‌కి ఇంకో 2,000 కట్టాలట. ఇది నమ్మకండి. చూపులేనివాళ్లు సొంతంగా చదువుకోడానికి పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవచ్చని 2012లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించారు.

స్క్రైబ్ విషయంలోనూ అంతే. వాళ్లు పంపిన అబ్బాయి పీజీ చదువుతున్నాడు. మన స్క్రైబ్‌ని మనమే తెచ్చుకుంటే చదువులో అభ్యర్థి కంటే ఒక మెట్టు కింద ఉండాలని అప్పటి 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఉండేది. పరీక్షల విభాగంలో ఒప్పుకోలేదు. మా పక్కింటి ఇంటర్ పాప రాసిపెట్టబట్టి గట్టెక్కాం. గంటకి 20 నిమిషాల అదనపు సమయం కూడా ఆ మార్గదర్శకాల్లోదే. దాన్ని వాళ్లు తమ 'ప్యాకేజీ'లో చూపించి డబ్బు తీసుకుంటున్నారు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు కూడా అందులో ఉంది, అది ఆన్‌లైన్లో ఉచితం.

ఎవరికైనా ఇలాంటి పని అప్పజెప్పే ముందు ఒక్క పాఠం శాంపిల్ చేయించుకోండి. పిల్లలే తమ ల్యాప్‌టాప్‌లో విని సరే అనాలి. మీరు చూడాలంటే ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే యూనికోడ్. పిచ్చి గుర్తులొస్తే అను ఫాంట్. లైను సెలెక్టే కాకపోతే అది ఫొటో. అసలు ముందు చూపులేనివాళ్ల కోసం ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో వెతకండి, మీకు కావాల్సిన పుస్తకం అక్కడ ఉండొచ్చు.

బిల్లు మీద 'యూనికోడ్ టెక్స్ట్, స్క్రీన్ రీడర్‌తో చదవదగినది' అని రాయించుకోండి. మా బిల్లులో 'బుక్ వర్క్' అని మాత్రమే రాశారు. దాన్ని, ఆ ఫైళ్లని పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు ఇంకా తిరిగి రాలేదు.