మా ఊరి నైట్ హాల్ట్ బస్సు: 19 ఏళ్లుగా ఎక్కుతున్నదాన్ని చెప్తున్నా

రాత్రి ఎనిమిదిన్నరకు ఆదోని నుంచి వచ్చి మా రచ్చకట్ట దగ్గర ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు ఊళ్లోనే పడుకుంటారు. పొద్దున ఆరుంబావుకు ఆస్పరి మీదుగా మళ్లీ ఆదోనికి. తొమ్మిదో తరగతిలో పాసు తీసుకున్నప్పటి నుంచి, ఇప్పుడు బట్టల అంగడిలో పనికి పోయేదాకా నేను ఎక్కుతున్నది ఈ బస్సే.

దీని గొప్పతనమంతా ఆ రాత్రి నిద్రలోనే ఉంది. పొద్దున టౌన్ నుంచి రావాల్సిన బస్సు వస్తుందో రాదో తెలీదు. రాత్రే వచ్చి ఊళ్లో ఉన్న బస్సు మాత్రం టయానికి కదులుతుంది. సాయంత్రం తిరిగి తెచ్చి దించేదీ అదే. నాతోపాటు మా వీధిలో ఆరుగురు ఆడపిల్లలం ఇంటర్ చదివామంటే కారణం ఇదే. రెండు కిలోమీటర్ల అవతల బస్సు పోని పల్లెలో నా ఈడు పిల్లలు పదితోనే ఆగిపోయారు. మా అవ్వ ఇప్పటికీ కండక్టరన్నకు జొన్నరొట్టె, ఊరుబిండి పంపిస్తుంది. పరీక్షల రోజుల్లో "ఆ చివరింటి పాప ఇంకా రాలేదు, ఉండన్నా" అంటే రెండు నిమిషాలు ఆగుతారు.

ఇబ్బందులూ ఉన్నాయి. మధ్యాహ్నం ట్రిప్పు లేదు, షేర్ ఆటోలో కిక్కిరిసి రావాల్సిందే. వాన పడి వంక పారితే బస్సు అవతలి గట్టునే నిలిచిపోతుంది. చెప్పులు చేతిలో పట్టుకుని దాటిన రోజులు లెక్కలేదు.

అసలు టెన్షన్ సుగ్గి నెలల్లో, అంటే ఊరు కోత పనులకు వలస పోయే రోజుల్లో. మా పక్క వానలు నమ్ముకోలేం. సంక్రాంతి దాటితే సగం ఊరు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతుంది, ఉగాదికి గానీ తిరిగి రాదు. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలోళ్లు, వాళ్ల దగ్గర వదిలిన బడి పిల్లలు. ఆ రోజుల్లో బస్సు కలెక్షన్ పడిపోతుంది. హాల్ట్ తీసేస్తారన్న మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఊరంతా పోయి అడిగితే ఆగింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది జనాభా లెక్క. 2011లో జనాన్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, అంటే సరిగ్గా సుగ్గి మధ్యలో. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఎక్కడుంటే అక్కడ రాసుకోవాలన్నది నియమం. మా మేనమామ కుటుంబం అప్పుడు మిరప తోటలోనే ఉంది, మా ఊరి లెక్కలోకి రాలేదు. ఇప్పటికీ కాగితాల మీద మా ఊరి జనాభా అంటే ఆ 2011 అంకెనే చూపిస్తారు. ఊరికి ఏది అడిగినా ముందు జనాభా ఎంత అంటారు. కేంద్రం రోడ్ల పథకం పీఎంజీఎస్‌వై కూడా 2000లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతాల్లో 500 మంది, ఆపైన ఉన్న ఆవాసాలకే అని పెట్టుకుంది. రాబోయే జనగణనకు ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. అదీ సుగ్గిలోనే పడింది. అప్పుడు పనికి పోయేవాళ్లు ముందే పంచాయతీలో మాట్లాడుకుని, లెక్క రోజుల్లో ఒకసారైనా ఇంటికి వచ్చి పేర్లు రాయించుకుంటే బాగుంటుందని నా ఆశ.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్ర ప్రభుత్వ స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి నా పాసు డబ్బులు మిగులుతున్నాయి. పొద్దున సీటు కావాలంటే ఆరింటికల్లా రచ్చకట్ట దగ్గరుండాలి. ఆధార్ మర్చిపోవద్దు. కొందరు అక్కలు ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండానే దిగిపోతున్నారు. అలా చేయొద్దు. మిషన్‌లో కొట్టే ప్రతి జీరో టికెట్ ఈ బస్సులో ఎంతమంది ఎక్కారో చెప్తుంది. రద్దీలో కండక్టరన్న మరిచిపోయినా అడిగి తీసుకోండి, ముఖ్యంగా ఊరు సగం ఖాళీ అయ్యే ఫిబ్రవరిలో.