రెండడుగుల ట్యాంకులో గోల్డ్‌ఫిష్‌లకి ఏ ఫిల్టర్? ఏడు నెలలు రెండు రకాలూ వాడి చెప్తున్నా

సంక్రాంతి ముందు మా పాప కోసం రెండు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం, తల మీద ఎర్ర టోపీ పెట్టినట్టు ఉంటుందే, ఆ రకం. ట్యాంకు 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచుదాకా పోస్తే 56 లీటర్లు పడుతుంది, మేం పోసేది 48. విజయనగరంలో మేం కొన్న షాపతను ట్యాంకుతోపాటే నీళ్ళలో మునిగి ఉండే నల్ల పవర్ ఫిల్టర్ ఒకటి ఇచ్చి, "ఇది పెట్టేయండి సార్, ఆరు నెలలు నీళ్ళు మార్చక్కర్లేదు" అన్నాడు. 550 రూపాయలు.

నమ్మకండి. ఏ ఫిల్టర్ పెట్టినా నీళ్ళు మార్చాల్సిందే.

దాని డబ్బా మీద గంటకి 800 లీటర్లు అని ఉంది. ట్యాంకులో ఉన్న నీళ్ళకి గంటకి 5 నుంచి 10 రెట్లు తిరిగితే చాలు, అంటే మాకు 240 నుంచి 480 లీటర్ల మధ్యది సరిపోయేది. 800 లీటర్ల ధాటికి ఒరాండాలు తట్టుకోలేవు. గుండ్రటి ఒళ్ళు, చీర కుచ్చిళ్ళలాంటి తోక, ఆ తోకతో ఎదురీదడం వాటి వల్ల కాదు. రెండూ రోజంతా మోటారుకి దూరంగా ఒకే మూలకి చేరి, తోక ఒక పక్కకి ఒరిగిపోయి, ఉన్నచోటే ఉండటానికి రెక్కలు కొట్టుకుంటూ ఉండేవి. మా అమ్మ చూసి "నోరులేని జీవాల్రా, ముందు ఆ మోటారు ఆపరా" అంది.

నీళ్ళు మాత్రం అద్దంలా ఉండేవి, అందుకే అంతా బాగుందనుకున్నాను. మూడో వారంలో చిన్నది పైకొచ్చి నోరు తెరుస్తూ ఉండిపోయింది, మర్నాటి పొద్దుటికి లేదు. పాప ఆ రోజు అన్నం తినలేదు. అప్పుడు టెస్ట్ కిట్ తెప్పించి చుక్కలు వేస్తే పసుపుగా ఉండాల్సిన నీళ్ళు ఆకుపచ్చకి తిరిగాయి. అమ్మోనియా.

గోల్డ్‌ఫిష్‌లు తింటూనే ఉంటాయి, విసర్జిస్తూనే ఉంటాయి, మొప్పల్లోంచి కూడా అమ్మోనియా వదులుతాయి. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్‌లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టర్ అసలు పని అదే, కంటికి కనిపించే మురికి పట్టడం ఆ తర్వాతది. నేనేమో ప్రతి ఆదివారం స్పాంజ్ తీసి కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా ఉతికేవాడిని. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుందని నాకెవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు వాడుతున్నది రెండు స్పాంజ్‌ల ఫిల్టర్, 220. ఎయిర్ పంప్ 380. పైపు, నాన్ రిటర్న్ వాల్వ్ కలిపి 50. గొట్టంలోంచి గాలి బుడగలు పైకి పోతుంటే వాటితోపాటు నీళ్ళూ లేస్తాయి, ఆ ఖాళీలోకి చుట్టూ ఉన్న నీళ్ళు స్పాంజ్‌లోంచి మెల్లగా వస్తాయి, అంతే. చేపని తోసేంత ధాటి ఉండదు. మిగిలిన ఒరాండా రెండో రోజుకే మూల వదిలి ట్యాంకంతా తిరిగింది, పాప నన్ను ఆఫీసుకి ఫోన్ చేసి మరీ పిలిచింది.

వాల్వ్ మాత్రం మర్చిపోకండి. మొదట అది లేకుండా పెట్టాను, కరెంటు పోగానే పైపులో నీళ్ళు వెనక్కి పాకి పంప్ దాకా వచ్చేస్తున్నాయి, చూస్తుండగానే. వాల్వ్ దొరక్కపోతే పంప్‌ని నీటిమట్టం కంటే పైన పెట్టండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మన జిల్లాలో కరెంటు ఎన్నాళ్ళు లేదో గుర్తుందిగా, అందుకని బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంప్ కూడా ఒకటి కొనిపెట్టుకున్నాను. మొన్నటి గాలివానకి మూడు గంటలు అదే పని చేసింది. ట్యాంకు వెనక తగిలించే రకం ఫిల్టర్ మా తమ్ముడింట్లో ఉంది, బాగానే ఉంటుంది గానీ కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి నీళ్ళు లాగదు, మోటారు ఉత్తినే తిరుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి.

స్పాంజ్‌లో లోపాలున్నాయి. చూడ్డానికి బాగోదు, సన్న నలుసులు వదిలేస్తుంది, పంప్ రాత్రిపూట గుర్రుమంటుంది, కింద మడత పెట్టిన తువ్వాలు వేశాక కొంత తగ్గింది. మూడు వారాలకోసారి ఒక స్పాంజ్‌ని మాత్రమే, ట్యాంకులోంచి తీసిన నీళ్ళతోనే బకెట్లో పిండుతాను, టీ డికాక్షన్‌లా దిగుతుంది. రెండోది తర్వాతి వంతు. వారానికి పాతిక శాతం నీళ్ళు, క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి మారుస్తాను.

ఒంటి తోక గోల్డ్‌ఫిష్‌లున్నవాళ్ళు పవర్ ఫిల్టర్ పెట్టుకోవచ్చు, అవి బాగా ఈదుతాయి. కాకపోతే అవి పెరిగేవి అంగుళాల్లో కాదు, జానల్లో, ఈ ట్యాంకు చాలదు.

పవర్ ఫిల్టర్‌కి, మా ట్యాంకు వరకు, ఐదుకి రెండు. స్పాంజ్‌కి నాలుగున్నర, ఆ అర పంప్ చప్పుడుకి కోశాను.