నా చెవిలో యంత్రం, మా అబ్బాయి ఫోన్‌లో మీట

ఆరు నెలల క్రితం చెన్నైలో, టి.నగర్‌లోని ఒక దుకాణంలో, రెండు చెవులకూ కలిపి 1,36,000 రూపాయలు పెట్టి వినికిడి యంత్రాలు కొనుక్కున్నాను. చెవి వెనుక ఇమిడిపోయే చిన్న డొల్ల, దాని నుంచి సన్నని తీగ, తీగ చివర చెవి రంధ్రంలో కూర్చునే మెత్తని సిలికాన్ టోపీ, చూడడానికి ఇంతే. రాత్రి పెట్టెలో పెడితే ఛార్జ్ అయి, మర్నాడు పొద్దుటి నుంచి పడుకునేదాకా ఆగకుండా పనిచేస్తాయి. యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. దానిని నా చేతికి కాక మా అబ్బాయి చేతికి అప్పగించిన పద్ధతి మీదనే ఉంది. నా వయసువారు కొనబోయే ముందు తెలుసుకోవలసినది కూడా అదే.

నాకు 69 ఏళ్ళు. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చెవుడు అంటే చప్పుడు వినపడకపోవడమేనని అందరిలాగే నేనూ అనుకునేదాన్ని, కానీ నాకు వచ్చింది అది కాదు. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. వయసు పెరిగేకొద్దీ లోపలి చెవిలోని సూక్ష్మమైన రోమకణాలు నశిస్తాయి, పోయినవి తిరిగి మొలవవు, వాటిలోనూ హెచ్చు పౌనఃపున్యాలను, అంటే సన్నని, కీచు స్వరాలను పట్టేవే ముందుగా పోతాయి. అచ్చుల బలమంతా తక్కువ పౌనఃపున్యాలలో ఉంటుంది. స, ష, త, క వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే జాడలు చాలావరకు పై పౌనఃపున్యాలలో ఉంటాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక వాక్యం పొడుగునా అచ్చులు నిండుగా వినిపిస్తూనే ఉంటాయి, హల్లులు మాత్రం మధ్యలో రాలిపోతాయి. ఒకనాడు మా కోడలు వంటింట్లోంచి "అత్తయ్యా, ఆ కప్పు ఇలా ఇవ్వండి" అంటే నేను పప్పు గిన్నె తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆమె ఏమీ అనకుండా గిన్నె అందుకుని పక్కన పెట్టి, తానే వచ్చి కప్పు తీసుకుంది. ఆమె మంచితనానికే నాకు ఎక్కువ బాధ కలిగింది.

అయినా నాలుగేళ్ళు వాయిదా వేశాను. అది నా తప్పు. మతిమరుపు వ్యాధులకు దారితీసే అవకాశమున్న, మనం సరిదిద్దుకోగలిగిన 14 కారణాలను 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ నివేదిక పేర్కొంది. వాటిలో వినికిడి లోపం కూడా ఉందని మా కోడలు చదివి వినిపించిన తరువాతే కదిలాను.

పరీక్ష విషయంలో దుకాణాన్ని మెచ్చుకోవాలి. పరీక్షించిన అమ్మాయి భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణురాలు. ముందు చెవిలో గుబిలి ఉందేమో చూసి, బయటి శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి, 250 నుంచి 8000 హెర్ట్జ్ (పౌనఃపున్యానికి కొలత) దాకా ఒక్కొక్క స్వరాన్నీ వినిపించింది. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. 500 దగ్గర 25 డెసిబెల్స్ వద్ద ఉన్న గీత 4000 దగ్గరికి వచ్చేసరికి 65కి దిగిపోయింది; ఆ కాగితం మీద గీత కిందికి దిగేకొద్దీ, వినపడడానికి అంత పెద్ద శబ్దం కావాలన్నమాట. నా మనవరాలి సన్నని గొంతు నాకెందుకు అందడం లేదో ఆ గీతను చూడగానే అర్థమైంది.

అయితే మాటల పరీక్ష మాత్రం తమిళ పదాలతో చేసింది. పెళ్ళయి ఈ ఊరు వచ్చి 44 ఏళ్ళు, తమిళం నాకు బాగానే వచ్చు. కానీ పుట్టి పెరిగిన భాషలో మాట సగం వినిపించినా మిగతా సగాన్ని మనసు తనంతట తానే పూరిస్తుంది, తరువాత నేర్చుకున్న భాషలో ఆ పూరణ అంత చురుకుగా జరగదు. తెలుగు పదాల పట్టిక ఉందా అని అడిగితే తమ దగ్గర లేదన్నారు. అప్పుడు మా అబ్బాయి చేత, నోటికి కాగితం అడ్డం పెట్టించి, పప్పు, తప్పు, కప్పు, పాలు, కాలు, తేలు వంటి 25 మాటలు చదివించాను. యంత్రం లేకుండా 11 పట్టుకున్నాను, యంత్రంతో 21. కొనాలని నిర్ణయించుకున్నది ఆ లెక్క చూసిన తరువాతే.

మొదటి వారం కష్టంగానే గడిచింది. పత్రిక పేజీ తిప్పితే రేకు నలిపినట్టు, నా గొంతు నాకే బిందెలోంచి మాట్లాడినట్టు వినిపించాయి. మెదడుకు మరచిపోయిన శబ్దాలు మళ్ళీ అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు, అది నిజమే. మూడో వారంలో ఒక ఉదయం పోపు వేస్తుంటే ఆవాలు చిటపటలాడడం వినిపించింది. ఎన్నాళ్ళుగానో నేను పోపును కంటితో చూసి దించుతున్నానని అప్పటిదాకా గమనించనే లేదు. పొయ్యి ఆపి, మరొక గరిటెడు నూనె పెట్టి, అవసరం లేకపోయినా ఇంకో పోపు వేశాను.

ఇక ఫిర్యాదు. ఈ యంత్రాల ధ్వనిని హెచ్చించడానికీ తగ్గించడానికీ, రద్దీ ఉన్న చోటికి తగినట్టు మార్చుకోవడానికీ ఒక యాప్ ఉంది. నా ఫోన్ పాతది కావడం వల్ల అందులో అది ఎక్కలేదు. "పరవాలేదమ్మా, సార్ ఫోన్‌లో పెడతాను, ఆయన చూసుకుంటారు" అని ఆ అమ్మాయి, అక్కడి నుంచి చెప్పవలసినదంతా మా అబ్బాయికే చెప్పింది. అతను పాత మహాబలిపురం రోడ్డులోని ఆఫీసుకు పొద్దున్న ఎనిమిదింటికి వెళితే రాత్రి ఎనిమిదికి వస్తాడు. బ్లూటూత్ అందేది సుమారు పది మీటర్లు. ఆ పన్నెండు గంటలూ నా చెవులను సర్దుకునే వీలు నాకు లేదు. పెరంబూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు నాదస్వరం, డోలు ధాటికి తట్టుకోలేక రెండు యంత్రాలూ తీసి పర్సులో పెట్టుకున్నాను. ఏళ్ళ తరువాత కలిసిన మా పిన్నిగారి అమ్మాయి నా పక్కన కూర్చుని గంటసేపు చెప్పిన కబుర్లలో నాకు అందినవి చాలా తక్కువ.

ఇంట్లో ఉన్నప్పుడు "బాబూ, కొంచెం తగ్గించు" అని భోజనాల దగ్గర అడిగేదాన్ని. వాడు ఒక్కనాడూ విసుక్కోలేదు. అయినా నా చెవిలో ఎంత శబ్దం పడాలో మరొకరిని అడగవలసి రావడం, ఎంత ప్రేమగల కొడుకైనా సరే, మనిషిని చిన్నబుచ్చుతుంది. ఒకసారి యాప్ అప్‌డేట్ అయి మళ్ళీ లాగిన్ అడిగింది. పాస్‌వర్డ్ వాడికి గుర్తులేక, రెండు రోజులు ఒకే ధ్వనితో గడిపాను.

మూడో నెలలో తనిఖీకి వెళితే అదే దుకాణంలో మరొక ఆడియాలజిస్టు ఉంది. యంత్రాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ మీట వాడడం లేదా అమ్మా?" అని అడిగింది. డొల్ల వెనుక గోటికి తగిలే చిన్న గట్టు ఒకటుంది, అది తయారీలో భాగమనుకున్నాను. అది మీట. పెద్దవారు పొరపాటున నొక్కేస్తారని, అమ్మేటప్పుడే తమ కంప్యూటర్లో దానిని పనిచేయకుండా చేశారట. ఐదు నిమిషాలలో తిరిగి పనిచేయించింది. ఇప్పుడు కుడి చెవి మీట నొక్కితే ధ్వని పెరుగుతుంది, ఎడమది నొక్కితే తగ్గుతుంది, ఫోన్‌తో పనే లేదు. మొదటి రోజే నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఆ మూడు నెలలూ అలా గడిచేవి కావు. కనుక డబ్బు కట్టే ముందు, మీట ఉన్న రకమేనా, ఆ మీట పనిచేస్తోందా అని మీ వేలితోనే నొక్కి చూసుకోండి. తోడు వచ్చిన పిల్లలకు చెప్పిన ప్రతిదాన్నీ మీకు మరొకసారి చెప్పమనండి.

చెన్నై ఉక్కకు చెమట తప్పదు కాబట్టి రాత్రి ఛార్జింగ్‌కు ముందు కాసేపు సిలికా జెల్ డబ్బాలో ఉంచుతాను. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమ పీల్చుకున్నాయని గుర్తు. గుబిలి అడ్డుపడి శబ్దం తగ్గినప్పుడు తీగ చివర ఉండే చిన్న జాలీని మార్చుకోవాలి, అది నేనే చేసుకుంటున్నాను. వినికిడి యంత్రాలపై జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగండి.

రెండో ఆడియాలజిస్టు కోసమే అయినా ఈ దుకాణానికే మళ్ళీ వెళతాను. పోయినసారి వెళ్ళినప్పుడు, ఒక్క హల్లు తేడాతో మారిపోయే తెలుగు మాటలు వంద, పెద్ద అక్షరాలతో రాసి ఆమెకు ఇచ్చి వచ్చాను. తెలుగు చదవడం రాదంటే ప్రతి మాట పక్కనా తమిళ లిపిలో కూడా రాశాను. ఆమె దానిని పరీక్ష గదిలో, బల్ల మీది అద్దం కింద పెట్టింది.