ఖేల్‌రత్న ఎవరికో ఎవరు తేల్చాలి? పాయింట్లా, జనం ఓటా, విలేకరులా: ఏది మేలు?

2024 పారిస్ ఒలింపిక్స్ నుంచి షూటర్ మను భాకర్ రెండు కాంస్యాలతో తిరిగొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఒకే ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన భారతీయులు అంతకుముందు ఎవరూ లేరు. అలాంటిది, ఆ డిసెంబరులో దేశపు అత్యున్నత క్రీడా పురస్కారం ఖేల్‌రత్నకు పరిశీలించిన పేర్లలో ఆమె లేదని వార్తలొచ్చాయి. దరఖాస్తే రాలేదని అధికార వర్గాలు అన్నాయి, ఇంట్లోవాళ్లు మండిపడ్డారు. నామినేషన్ వేయడంలో తన వైపే పొరపాటు జరిగి ఉండొచ్చని ఆఖరికి ఆమే సోషల్ మీడియాలో రాసుకోవాల్సి వచ్చింది. 2025 జనవరి 2న ప్రకటించిన జాబితాలో ఆమె పేరు ఉంది, 17న రాష్ట్రపతి చేతుల మీదుగా అవార్డు కూడా తీసుకుంది. కథ సుఖాంతమే. కానీ దేశమంతా టీవీలో చూసిన పతకం సంగతి మళ్లీ ఫారం నింపి ఎందుకు చెప్పాలి?

ఏటా తమ దేశపు మేటి ఆటగాళ్లను సత్కరించుకునే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఎంపిక చేసేది ఎవరన్న దగ్గరే తేడా. బ్రిటన్‌లో జనం ఓటేస్తారు. జర్మనీలో క్రీడా విలేకరులు ఓటేస్తారు. న్యూజిలాండ్‌లో హాల్‌బర్గ్ అవార్డులకు న్యాయనిర్ణేతల బృందం ఉంటుంది. మన దగ్గర కేంద్ర క్రీడా శాఖ వేసిన కమిటీ పాయింట్లు లెక్కేసుకుని పేర్లు సిఫారసు చేస్తుంది. వీటిలో ఏది మేలని అడిగితే నేను ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: అవార్డు వెంట ఏమేం వస్తాయి? అది తేలకుండా పద్ధతుల్ని పోల్చడం దండగ.

మన అవార్డుల వెంట చాలానే వస్తాయి. 2020లో పెంచిన లెక్కన ఖేల్‌రత్నకు 25 లక్షలు, అర్జునకు 15 లక్షలు. రైలు పాసు సరేసరి. ఇవన్నీ ఒక ఎత్తు, పేరు ముందు జీవితాంతం ఉండిపోయే ‘అర్జున అవార్డు గ్రహీత’ అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఇంత ఉన్నప్పుడు రానివాడు ఊరుకోడు. ఎందుకు రాలేదని అడుగుతాడు, అవసరమైతే కోర్టుకెక్కుతాడు. బ్రిటన్‌లో బీబీసీ ఇచ్చే స్పోర్ట్స్ పర్సనాలిటీ ఆఫ్ ది ఇయర్‌కు దక్కేది పాతకాలపు టీవీ కెమెరా ఆకారంలో ఉన్న వెండి రంగు జ్ఞాపిక. నాలుగు లెన్సులతో చూడ ముచ్చటగా ఉంటుంది. దాని కోసం ఎవరూ కోర్టుకు పోరు. అందుకే వాళ్లు ఎంపికను జనానికి వదిలేసి నిశ్చింతగా ఉండగలుగుతున్నారు.

మన పద్ధతికి పాయింట్లు ఊరికే రాలేదు. కమిటీ ఇష్టాయిష్టాలకు వదిలేస్తే ఏం జరుగుతుందో 2014లో చూశాం. బాక్సర్ మనోజ్ కుమార్‌కు ఆ ఏడాది అర్జున ఇవ్వలేదు. కారణం, డోపింగ్‌లో దొరికింది అతనే అని పొరబడటం! అతను ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక పొరపాటు ఒప్పుకుని అవార్డు ఇచ్చారు. కాబట్టి ఒలింపిక్స్‌కు ఇన్ని, ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఇన్ని, ఆసియా క్రీడలకు ఇన్ని అని పాయింట్లు పెట్టి, నాలుగేళ్ల పతకాలు కూడితే గొడవ ఉండదని ఎవరికైనా అనిపిస్తుంది.

గొడవ పోలేదు, రూపం మార్చుకుంది. 2015లో సానియా మీర్జాకు ఖేల్‌రత్న ప్రకటించగానే, తనకు ఎక్కువ పాయింట్లున్నాయంటూ లండన్ పారాలింపిక్స్ హైజంప్ రజత విజేత గిరీశ కర్ణాటక హైకోర్టుకు వెళ్లాడు. 2018లో వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చానుతో పాటు విరాట్ కోహ్లీకి ఇచ్చారు. అప్పుడు రెజ్లర్ బజరంగ్ పునియా బయటపెట్టిన లెక్క అందరి నోళ్లలో నానింది: తనకు 80, చానుకు 44, కోహ్లీకి సున్నా. క్రికెట్‌కు ఆ పట్టికలో చోటే లేదు కాబట్టి సున్నా. కోహ్లీకి ఇవ్వడం తప్పని నేను అనను. ఆ ఏళ్లలో అతని ఆట చూసినవాళ్లెవరూ అనరు. సున్నా వచ్చిన మనిషికి ఇవ్వాలని కమిటీకి అనిపించిందంటే, కొలబద్దే కొలవలేకపోతోందని కమిటీయే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు 80 వచ్చినవాడికి ఏం జవాబు చెప్తారు? బజరంగ్‌కు మరుసటి ఏడాది ఇచ్చారు. కోపం తగ్గించడానికి పనికొచ్చింది, పద్ధతి మాత్రం మారలేదు.

పాయింట్లు చూడలేనివి ఇంకా ఉన్నాయి. నాలుగో స్థానం ఉంది. 1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి.ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. పతకాలు లెక్కేసే పట్టికలో ఆ పరుగు విలువ ఎంత? 2016 రియోలో జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. చాలామంది జిమ్నాస్టులు జోలికే పోని ప్రొడునోవా వాల్ట్ వేసి మరీ నిలిచింది. ఆ ఏడాది సింధు, సాక్షి మలిక్, జీతూ రాయ్‌లతో పాటు ఆమెకూ ఖేల్‌రత్న ఇచ్చారు. అది పట్టికను పక్కనపెట్టి మనుషులు బుర్ర పెట్టి చేసిన పని. మన కమిటీలు చేసిన మంచి పనుల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

మరి జనానికే వదిలేస్తే? ఈ మాట అనగానే మనకు వచ్చే భయం ఒకటే: క్రికెటర్లు తప్ప ఇంకొకరు గెలవరని. భయం నిజమే, కానీ మొత్తం నిజం కాదు. బీబీసీ మన దేశంలో ఇచ్చే ఇండియన్ స్పోర్ట్స్‌వుమన్ ఆఫ్ ది ఇయర్ ఓటింగ్‌తోనే తేలుతుంది. 2019కి సింధు గెలిచింది, 2020కి కోనేరు హంపి. చదరంగం ఆడే విజయవాడ అమ్మాయి జనం ఓట్లతో గెలవడమంటే చిన్న సంగతి కాదు. కాకపోతే ఓటు వేసే ముందే ఒక జ్యూరీ కూర్చుని ఐదు పేర్లు ఏరింది. ఆ ఐదుగురిలో క్రికెటర్ లేరు. జనం ఓటు అని మనం అనుకునేదాంట్లో సగం పని ఆ ఏరడంలోనే అయిపోతుంది.

ఏరేవాళ్లు ఎవరన్నది బ్రిటన్‌లోనూ తలనొప్పే. 1954 నుంచి నడుస్తున్న వాళ్ల అవార్డుకు 2011లో పది పేర్లు ఎంపిక చేస్తే అందులో ఒక్క మహిళా లేదు. పేర్లు పంపమని పత్రికల్ని అడిగారు, అందులో మగవాళ్ల కాలక్షేపం పత్రికలు కూడా ఉన్నాయి. పెద్ద రచ్చ అయింది, ఎంపిక విధానం మార్చుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఇంకో వింత జరిగింది. 1991లో గాలం వేసి చేపలు పట్టే పోటీల ప్రపంచ చాంపియన్ బాబ్ నడ్‌కు ఓటేయమని ఓ చేపల వేట పత్రిక తన పాఠకులకు పిలుపిచ్చింది. ఓట్లు కుప్పలుగా పడ్డాయి. బీబీసీ వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఇదెక్కడి న్యాయం? ఓటేయమన్నది మీరే, వేస్తే చెల్లదంటున్నది మీరే! ఇప్పుడు మన దగ్గర ఫోన్ ఓటింగ్ పెడితే చేపల పత్రిక అక్కర్లేదు, ఒక అభిమాన సంఘం వాట్సాప్ గ్రూపులు చాలు.

ఓటింగ్ వల్ల ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. అది రాత్రంతా టీవీ ముందు కూర్చోబెట్టే వేడుక. ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. మన అవార్డుల కార్యక్రమం రాష్ట్రపతి భవన్‌లో హుందాగా జరుగుతుంది, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, అంతే. ఏటా ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున జరగాల్సింది ఈమధ్య జనవరికి కూడా జారుతోంది. 2023 అవార్డులు 2024 జనవరి 9న ఇస్తే ఖేల్‌రత్న విజేతలైన బ్యాడ్మింటన్ జోడీ సాత్విక్, చిరాగ్ ఇద్దరూ మలేసియాలో టోర్నీ ఆడుతున్నారు. అమలాపురం కుర్రాడికి దేశపు అత్యున్నత క్రీడా పురస్కారం వచ్చిన రోజున ఆ కుర్రాడే లేడు. క్యాలెండర్ చూసుకుని తేదీ పెట్టడానికి ఏ కమిటీ కావాలి?

జర్మనీ సంగతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 1947 నుంచి అక్కడ క్రీడా విలేకరులే ఓటేస్తున్నారు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి, జట్టుకొకటి. ఫుట్‌బాల్ అంటే పడిచచ్చే దేశం కదా, విలేకరులు కూడా ఫుట్‌బాలర్ల వెంటే పడతారనుకుంటాం. 2015లో యాన్ ఫ్రోడెనో, 2018లో పాట్రిక్ లాంగె గెలిచారు. ఇద్దరూ ఈత, సైక్లింగ్, పరుగు వరసగా చేసే ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ వీరులు. లాంగ్‌జంపర్ మలైకా మిహాంబో 2019 నుంచి వరుసగా మూడేళ్లు గెలిచింది. ఏడాది పొడవునా మైదానాల చుట్టూ తిరిగేవాళ్లకు పతకం వెనక ఎంత కష్టముందో తెలుస్తుంది, నాలుగో స్థానం విలువా తెలుస్తుంది. ఓటేసేవాళ్ల సంఖ్య వందలూ వేలల్లో ఉంటుంది కాబట్టి ఒకరిద్దర్ని మేనేజ్ చేసి లాభం లేదు. మన దగ్గర ఇదే పెడితే? క్రీడా పేజీల్లో ముప్పాతిక భాగం క్రికెట్టే ఉండే చోట విలేకరుల ఓటు ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. రెజ్లింగ్‌నో విలువిద్యనో పట్టించుకుని రాసేవాళ్లు ప్రతి భాషలో కొందరున్నారు. వాళ్ల గొంతు వినిపించాలంటే ఓటు అందరికీ కాకుండా ఆటల వారీగా పంచాలి.

జట్ల దగ్గరికొస్తే మనం చాలా వెనకబడి ఉన్నాం. 2022 మే 15న బ్యాంకాక్‌లో భారత్ తొలిసారి బ్యాడ్మింటన్ పురుషుల జట్ల పోటీ థామస్ కప్ గెలిచింది, అదీ ఇండోనేసియాను 3-0తో ఓడించి. లక్ష్యసేన్ మొదలెట్టాడు, సాత్విక్-చిరాగ్ కొనసాగించారు, గుంటూరు శ్రీకాంత్ ముగించాడు. ప్రణయ్ క్వార్టర్స్‌లో, సెమీస్‌లో నిలబెట్టకపోతే ఫైనలే లేదు. ఆ ఏడాది అర్జున లక్ష్యసేన్‌కు, ప్రణయ్‌కు వచ్చింది. సాత్విక్, చిరాగ్‌లకు, శ్రీకాంత్‌కు అప్పటికే ఉంది, ఉన్నవాళ్లకు మళ్లీ ఇవ్వరు. కప్పు గెలిచింది జట్టు, అవార్డులు మాత్రం ఎవరి ఖాతా ఖాళీగా ఉందో చూసి పంచినట్టయింది. జర్మనీలోనో న్యూజిలాండ్‌లోనో అయితే ఆ జట్టు మొత్తం వేదిక ఎక్కేది. న్యూజిలాండ్‌లోనైతే ఇంకో మెట్టు ఉంది: ఆటగాడు, ఆటగత్తె, పారా అథ్లెట్, జట్టు, ఇలా ఒక్కో విభాగంలో గెలిచినవాళ్లలోంచి మళ్లీ ఒకే ఒక్కరికి సుప్రీమ్ హాల్‌బర్గ్ ఇస్తారు.

ఆ ‘ఒకే ఒక్కరు’ అన్నదాన్ని మనం వదిలేశాం. ఖేల్‌రత్న తొలి ఏడాది విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడికే. కరణం మల్లీశ్వరికి 1994-95 అవార్డు వచ్చినప్పుడూ ఆమె ఒక్కతే. సిడ్నీ కాంస్యానికి ముందే, దేశంలో చాలామందికి ఆమె పేరు తెలియని రోజుల్లోనే! ఈ ఎంపిక జనం ఓటుతో జరిగేది కాదు, అది కమిటీ ఘనతే. 2021కి వచ్చేసరికి ఒకేసారి పన్నెండు మందికి ఇచ్చారు. టోక్యోలో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ బ్రహ్మాండంగా ఆడిన ఏడాది, ఎవర్ని కాదనాలో తేల్చుకోవడం కష్టమే. అయినా పన్నెండు మంది అత్యుత్తములంటే ఆ మాటకు పదును పోతుంది.

ఇక నా లెక్క. పతకానికి డబ్బివ్వడానికి కేంద్రానికి వేరే పథకం ఎప్పటినుంచో ఉంది. ఒలింపిక్ స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50, కాంస్యానికి 30. అక్కడ పాయింట్లు, పట్టికలు ఎంత కచ్చితంగా ఉంటే అంత మంచిది. అర్జునను కూడా పాయింట్లకే వదిలేయొచ్చు, ఇన్ని దాటితే దరఖాస్తు లేకుండా తనంతట తనే ఇంటికి రావాలి. మను భాకర్ లాంటి గొడవ అప్పుడు పుట్టదు. ఖేల్‌రత్న మాత్రం వేరు. దాన్నుంచి నగదు తీసేసి, ఏడాదికి ఒక్కరికే, లేదా ఒక జట్టుకే ఇవ్వాలి. ఎంపిక మాజీ ఆటగాళ్లు సగం, ఆటల వారీగా ఓట్లు పంచిన విలేకరులు సగం ఉండే పెద్ద బృందం చేతిలో ఉండాలి, ఎవరు ఎవరికి ఓటేశారో బయటపెట్టాలి. ఓడినవాడికి కోపం రావొచ్చు గానీ, కోర్టుకు వెళ్లి తేల్చుకోవాల్సిందేమీ మిగలదు.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్యకు ఈ రెండు పద్ధతులూ కుదరవు. 1985లో తొలి అవార్డు అందుకున్నవాళ్లలో ఉష కోచ్ నంబియార్ ఉన్నారు. అప్పుడు గురువెవరో అందరికీ తెలుసు, వాదనే లేదు. ఇప్పుడు ఒక పతకం వెనక ఊళ్లో మొదట నేర్పినవాడు, అకాడమీ కోచ్, జాతీయ శిబిరం కోచ్, విదేశీ నిపుణుడు ఉంటారు. పతకాన్ని బట్టి పాయింట్లిస్తే అవి చివరగా పక్కన నిలబడినవాళ్లకే పోతాయి. ఆ ఏడాది పతకం గెలిచిన ప్రతి ఒక్కరినీ ‘మొదట నేర్పిందెవరు, ఇక్కడిదాకా తెచ్చిందెవరు’ అని రెండు పేర్లు రాసిమ్మంటే సరిపోతుంది. ఇద్దరికీ ఇవ్వాలి.